విద్యుత్ కారు: లాభనష్టాల విచారణ

“కరెంటు కారు కొంటే లాభమా, నష్టమా?” అనే ప్రశ్న ఇటీవల మన పార్వతీపురంలో తరచుగా వినవస్తున్నది. ఒక వర్గం వారు అది పెట్రోలు బాధను పూర్తిగా తొలగించే వరమని వాదిస్తారు. మరొక వర్గం వారు అది పట్నవాసపు ఆడంబరమని, కొండ ఎక్కలేని బొమ్మ బండి అని తీసివేస్తారు. ఈ రెండు మాటలలోను కొంత సత్యం ఉన్నది. రెండింటిలోను లెక్క లోపించినది. మెచ్చుకోవడం గాని, తీసివేయడం గాని మా ఉద్దేశం కాదు. ఒక మధ్యతరగతి కుటుంబం తన జీవితకాలపు కూడికలో పెద్ద భాగాన్ని వెచ్చించబోయే వస్తువును తూకం వేసి చూడడమే ఈ వ్యాసలక్ష్యం.

భాషాబోధకులకు ఈ విచారణ ఎందుకని కొందరు అడగవచ్చును. భాషలోనే ఒక చిన్న ఆధారం ఉన్నది. సంస్కృతంలో ‘విద్యుత్తు’ అంటే మెరుపు. ఉర్దూలో ‘బిజ్లీ’ అనే ఒకే మాట ఆకాశంలోని మెరుపునకూ, ఇంటిలోని దీపపు శక్తికీ వర్తిస్తుంది. మన తెలుగువారు మాత్రం మెరుపును మెరుపుగానే ఉంచి, తీగలో పారే దానిని ‘కరెంటు’ అన్నారు. మెరుపు చూడడానికి ఇంపుగా ఉంటుంది. తీగలోని కరెంటుకు నెలనెలా బిల్లు వస్తుంది. మన విచారణ బిల్లు వచ్చే కరెంటును గురించినది.

పూర్వచరిత్ర

విద్యుత్ కారు నిన్నమొన్నటి వింత కాదు. 1821లో మైకేల్ ఫారడే విద్యుత్తుతో తీగను తిప్పి చూపిన నాటి నుంచి, ఆ శక్తితో బండిని నడపాలనే ప్రయత్నం సాగుతూనే ఉన్నది. 1900 ప్రాంతంలో అమెరికా నగరాల వీధులలో ఆవిరి బండ్లు, పెట్రోలు బండ్లు, బ్యాటరీ బండ్లు మూడూ పోటీపడి తిరిగేవి. పొగ లేదు, చప్పుడు లేదు, ముందు నిలబడి ఇనుప కడ్డీతో ఇంజను తిప్పే శ్రమ లేదు అన్న కారణాల వల్ల బ్యాటరీ బండిని చాలామంది ఇష్టపడ్డారు. అయినా అది నిలువలేదు. 1908లో ఫోర్డు సంస్థ చవకైన మోడల్ టి కారును విడుదల చేసింది. 1912లో ఛార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు కాడిలాక్ కారులోకి వచ్చి, కడ్డీ తిప్పే బాధను తీర్చింది. పల్లెలకు కరెంటు లేదు గాని పెట్రోలు డబ్బా చేరగలదు. అందుచేత నగరం దాటిన చోట బ్యాటరీ బండి ఓడిపోయింది.

ఈ చరిత్రలోని పాఠాన్ని విద్యార్థులు గమనించాలి. ఆ బండి ఓడినది యంత్రం బాగులేక కాదు. మార్గమధ్యంలో దానికి ఆహారం దొరకక. నూరేళ్ళ తరువాత మన మన్యంలోనూ అదే ప్రశ్న మళ్ళీ ఎదురవుతున్నది.

మన దేశంలో 2001లో బెంగుళూరు నుంచి ‘రేవా’ అనే చిన్న విద్యుత్ కారు వెలువడింది. సీసపు బ్యాటరీతో ఒక విడతకు సుమారు 80 కిలోమీటర్లు నడిచే ఆ బండి లండన్ వీధులలో కూడా తిరిగింది గాని, మన దేశంలో విస్తరించలేదు. లిథియం అయాన్ బ్యాటరీ 1991లో విపణిలోకి వచ్చి, క్రమంగా చవకబడిన తరువాతనే పరిస్థితి మారింది. ఆ బ్యాటరీకి మూలమైన పరిశోధనలకు గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి పొందారు. 2020 జనవరిలో టాటా నెక్సాన్ విద్యుత్ కారు, 2022లో టియాగో, 2023లో ఎం.జి. కామెట్ వచ్చాయి. ఆ విధంగా సామాన్య ఉద్యోగి కూడా కొనుగోలు మాట ఆలోచించే కాలం వచ్చింది.

ఖర్చుల లెక్క

లాభాలలో మొదట చెప్పవలసినది నడిపే ఖర్చు. పెట్రోలు ఇంజనులో ఇంధనశక్తిలో అధికభాగం వేడిగా మారి వృథా అవుతుంది. చక్రానికి చేరేది నాలుగవ వంతు, మహా అయితే మూడవ వంతు. విద్యుత్ మోటారులో వృథా బహుస్వల్పం. ఇంజను ఆయిలు మార్చే పని లేదు. క్లచ్చి ప్లేట్లు, స్పార్కు ప్లగ్గులు, సైలెన్సరు లేవు. మరమ్మతు ఖర్చు ఆ మేరకు తగ్గుతుంది. అయితే బ్యాటరీ బరువు వల్ల టైర్లు కొంత త్వరగా అరుగుతాయి.

ఇప్పుడు అంకెలు చూద్దాం. పెట్రోలు కారు లీటరుకు 18 కి.మీ. నడుస్తుందని, లీటరు ధర 110 రూపాయలని అనుకొందాం. వెయ్యి కి.మీ.కు 6,110 రూపాయలు అవుతుంది. విద్యుత్ కారు యూనిట్‌కు 7 కి.మీ. నడుస్తుందని, చార్జి చేసేటప్పుడు కలిగే నష్టంతో కలిపి వెయ్యి కి.మీ.కు 160 యూనిట్లు కావాలని అనుకొందాం. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉన్నది. తమ ఇంటి బిల్లును యూనిట్లతో భాగించి, యూనిట్‌కు నాలుగున్నర రూపాయలే కదా అని సంతోషిస్తారు. కాని మన రాష్ట్రంలో గృహవిద్యుత్తు ధర మెట్లు మెట్లుగా పెరుగుతుంది. 2022 ఆగస్టులో అమలులోకి వచ్చిన పట్టిక ప్రకారం మొదటి 30 యూనిట్లకు రూ. 1.90, 75 వరకు రూ. 3.00, 125 వరకు రూ. 4.50, 225 వరకు రూ. 6.00, 400 వరకు రూ. 8.75, ఆపైన రూ. 9.75. కింది మెట్లను దీపాలు, పంకాలు, ఫ్రిజ్ ముందే ఆక్రమించి ఉంటాయి. కారుకు మిగిలేది పై మెట్టే.

నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి, సర్దుబాటు చార్జీలు మొదలైనవి విడిచిపెట్టి చూస్తే, 867 రూపాయలు అవుతుంది. అదే ఇంటిలో కారుకు మరి 160 యూనిట్లు వాడితే అదనంగా పడేది 1,331 రూపాయలు. ఇంత ఖరీదైన మెట్టు మీద కూడా పెట్రోలు ఖర్చులో నాలుగవ వంతు కాలేదు. నెలకు దాదాపు 4,780 రూపాయలు మిగులుతుంది. ఇది నిజమైన లాభమే.

అయితే కొనుగోలు ధర మాట ఏమిటి? ఇంచుమించు ఒకే పరిమాణం గల రెండు కార్ల మధ్య తేడా మూడు లక్షల రూపాయలు అనుకొందాం. విద్యుత్ కారుపై జి.ఎస్.టి. 2019 ఆగస్టు నుంచి 5 శాతమే. కాని 2025 సెప్టెంబరులో చిన్న పెట్రోలు కార్లపై 28 శాతం పన్ను 18 శాతానికి తగ్గడంతో పన్నుల వ్యత్యాసం మునుపటి కంటే తగ్గింది. ఈ మూడు లక్షలు తిరిగి రావడానికి పట్టే కాలం మనం తిరిగే దూరాన్ని బట్టి ఉంటుంది.

వారానికి మూడుసార్లు విజయనగరం వెళ్ళివచ్చే వ్యాపారి నెలకు రెండు వేల కి.మీ. తిరుగుతాడు. ఆయనకు 2 ఏళ్ళ 8 నెలలలో తేడా తీరిపోతుంది. నెలకు వెయ్యి కి.మీ. తిరిగేవారికి 5 ఏళ్ళ 3 నెలలు పడుతుంది. ఇంటి నుంచి కళాశాలకు, అక్కడి నుంచి సంతకు, ఆదివారం బంధువుల ఇంటికి మాత్రమే తిరిగి నెలకు 300 కి.మీ. దాటని ఉద్యోగికి దాదాపు 17 ఏళ్ళు పడుతుంది. కంపెనీలు బ్యాటరీకి సాధారణంగా ఇచ్చే హామీ 8 ఏళ్ళు, లేక 1,60,000 కి.మీ. అనగా తక్కువ తిరిగేవారికి హామీ ముగిసిన తరువాత కూడా తేడా సగం తీరి ఉండదు. దీనిని బట్టి ఒక సూత్రం తేలుతున్నది: విద్యుత్ కారు నిలబడి ఉన్నప్పుడు పొదుపు చేయదు; నడిచినప్పుడే చేస్తుంది.

అప్పు, వడ్డీ

“అప్పు చేసి పప్పు కూడు” అనే సామెత ఇక్కడ గుర్తుకు రాక మానదు. పై మూడు లక్షల తేడాను తొమ్మిది శాతం వడ్డీకి తెచ్చారనుకొందాం. మొదటి సంవత్సరపు వడ్డీయే 27,000 రూపాయలకు దగ్గరగా ఉంటుంది. నెలకు 300 కి.మీ. తిరిగేవారికి సంవత్సరంలో మిగిలే పెట్రోలు డబ్బు 17,800 మాత్రమే. పొదుపు కోసం కొన్న బండి అప్పును పెంచుతున్నది. విద్యుత్ వాహనాల రుణంపై వడ్డీకి ఆదాయపు పన్నులో ఇచ్చిన ప్రత్యేక మినహాయింపు కూడా 2023 మార్చి 31 వరకు మంజూరైన రుణాలకే పరిమితమైంది. ఆ మినహాయింపు ఇంకా ఉన్నదని ఎవరైనా చెబితే నమ్మరాదు.

వడ్డీ ముట్టరాదనే నియమం పాటించే కుటుంబాలు మనలో అనేకం ఉన్నాయి. వారి దృష్టితో చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. పెట్రోలు కారులో ఖర్చు నెలనెలా కొద్దికొద్దిగా జరుగుతుంది. విద్యుత్ కారులో రాబోయే అనేక సంవత్సరాల ఇంధనపు ఖర్చును మొదటి రోజునే బ్యాటరీ రూపంలో చెల్లిస్తున్నాము. కూతురి చదువుకో, ఇంటి కప్పుకో దాచిన రొక్కం అలా బండిలో చిక్కుకొనిపోతే అవసరానికి తిరిగి రాదు. చేతిలో నిజంగా మిగులు రొక్కం ఉన్నవారికి ఈ చిక్కు లేదు. లేనివారు రెండేళ్ళు ఆగితే వచ్చే నష్టం కూడా లేదు.

కొండదారి లెక్క

విద్యుత్ కారు కొండ ఎక్కలేదనే మాట ఎంతవరకు నిజం? భౌతికశాస్త్ర విద్యార్థులు తరగతిలో చదివిన సూత్రంతోనే దీనిని తేల్చవచ్చును. మనుషులతో కలిపి కారు బరువు 1,600 కిలోలు, ఎక్కవలసిన ఎత్తు 900 మీటర్లు అనుకొందాం. శృంగవరపుకోట మైదానం నుంచి అరకులోయ ఎత్తుకు ఇది ఉజ్జాయింపు లెక్క. బరువును గురుత్వ త్వరణం 9.8తోను, ఎత్తుతోను గుణిస్తే సుమారు ఒక కోటి 41 లక్షల జౌళ్ళు వస్తుంది. ఒక యూనిట్ విద్యుత్తు అంటే 36 లక్షల జౌళ్ళు. అనగా కొండ ఎక్కడానికి అదనంగా కావలసినది నాలుగు యూనిట్లకు కొంచెం తక్కువ. మోటారు నష్టాలతో కలిపి నాలుగున్నర అనుకొన్నా, అది మైదానంలో 30 కి.మీ. ప్రయాణానికి సమానం. 30 యూనిట్ల బ్యాటరీకి ఇది మోయలేని భారం కాదు. పైగా మోటారు ఆగిన స్థితి నుంచే పూర్తి బలంతో లాగుతుంది గనుక మలుపుల వద్ద గేరు మార్చే తడబాటు ఉండదు.

దిగేటప్పుడు మరొక విశేషం ఉన్నది. పెట్రోలు కారు దిగేటప్పుడు ఎత్తు ఇచ్చిన శక్తి అంతా బ్రేకుల వేడిగా పోతుంది. విద్యుత్ కారులో మోటారే జనరేటరుగా మారి, ఆ శక్తిలో కొంతభాగాన్ని బ్యాటరీకి తిరిగి పంపుతుంది. బ్రేకులు అంతగా కాలవు. అయితే కొండపైన బ్యాటరీని నిండుగా చార్జి చేసుకొని దిగరాదు. నిండిన కుండలో నీరు పోయలేనట్లు, నిండిన బ్యాటరీ శక్తిని స్వీకరించదు. అప్పుడు భారమంతా బ్రేకుల మీదనే పడుతుంది.

కాబట్టి అసలు అడ్డంకి ఎత్తు కాదు. ప్రపంచంలో విద్యుత్ కార్లను అందరికంటే అధికంగా స్వీకరించిన దేశం పర్వతమయమైన నార్వే. 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో పదింట దాదాపు తొమ్మిది విద్యుత్ కార్లే. కాని అక్కడ దారి పొడవునా చార్జింగు కేంద్రాలు ఉన్నాయి. మన దగ్గర విశాఖ నగరంలోను, తీరం వెంబడి సాగే 16వ నంబరు జాతీయ రహదారి మీదను ఉన్న సదుపాయం కొండ గ్రామాల దారులలో లేదు. 1900 నాటి అమెరికా పల్లెల పరిస్థితి ఇక్కడ మరొక రూపంలో కనబడుతున్నది.

దూరం, చార్జింగు, తుఫాను

కంపెనీ చెప్పే దూరానికి, దారిలో వచ్చే దూరానికి తేడా ఉంటుంది. 2020 నాటి నెక్సాన్‌లో 30.2 యూనిట్ల బ్యాటరీకి పరీక్షలో ధ్రువీకరించిన దూరం 312 కి.మీ. మన లెక్క ప్రకారం యూనిట్‌కు 7 కి.మీ. చొప్పున వచ్చేది 210 మాత్రమే. విజయనగరం సుమారు 80 కి.మీ.; వెళ్ళి తిరిగి రావడానికి ఇబ్బంది లేదు. విశాఖపట్నం సుమారు 140 కి.మీ.; వెళ్ళవచ్చును గాని, అక్కడ చార్జి చేయకుండా తిరిగి రాలేము. ఇది విహారయాత్రలో చిన్న అసౌకర్యమే. అర్ధరాత్రి వేళ ఇంటిలోని రోగిని విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికి తీసుకొని పోవలసి వచ్చినప్పుడు, బ్యాటరీలో మూడవ వంతు మాత్రమే మిగిలి ఉంటే అది అసౌకర్యం కాదు, ప్రమాదం. అందుచేత ఏ రాత్రీ ముప్పాతికకు తగ్గకుండా బ్యాటరీని నింపి ఉంచే అలవాటు మన ప్రాంతపు యజమానికి తప్పనిసరి.

ఇంటిలో 15 ఆంపియర్ల ప్లగ్గుతో 30 యూనిట్ల బ్యాటరీ నిండడానికి తొమ్మిది, పది గంటలు పడుతుంది. రాత్రి పెట్టి ఉదయం తీస్తే సరిపోతుంది. కాని దానికి సొంత ఇల్లు, బండి నిలిపే చోటు, సరియైన ఎర్తింగు, తగిన వైరింగు ఉండాలి. మేడమీద అద్దెకు ఉండి వీధిలో బండి నిలిపేవారు ఎక్కడ నుంచి తీగ లాగగలరు? ఇంటి యజమాని మీటరు మీద పడే పై మెట్టు ధరను ఎవరు భరిస్తారు? ఉద్యోగులలో అద్దె ఇళ్ళవారు చాలామంది గనుక ఈ ప్రశ్న చిన్నది కాదు.

తుఫానులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఉత్తరాంధ్రను తాకినప్పుడు స్తంభాలు కూలి, అనేక గ్రామాలలో రోజుల తరబడి కరెంటు లేదు. అటువంటి వేళ డబ్బాలో తెచ్చుకొన్న ఐదు లీటర్ల పెట్రోలు ప్రాణం కాపాడుతుంది. డబ్బాలో కరెంటు తెచ్చుకోలేము. హుద్‌హుద్ తరువాత విశాఖలో పెట్రోలు బంకుల వద్ద కూడా బారులు తీరిన మాట నిజమే. తుఫాను హెచ్చరిక వినగానే బ్యాటరీ నింపుకోవడం ఒక్కటే మార్గం.

చప్పుడు లేకపోవడం కూడా ఒక విషయమే. మన దారులలో పశువులు, పిల్లలు, వృద్ధులు బండి చప్పుడును బట్టి పక్కకు తప్పుకొంటారు. మౌనంగా వచ్చే బండిని నడిపేవాడు రెట్టింపు జాగ్రత్త వహించాలి.

పొగ ఎక్కడికి పోయింది?

విద్యుత్ కారు పొగ విడవదు. కాని ఆ విద్యుత్తు ఎక్కడ పుట్టిందో అడగాలి. మన కొండలలోనే మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో ఉత్పత్తి ప్రారంభించింది. దాని సామర్థ్యం 120 మెగావాట్లు. విశాఖ సమీపంలోని సింహాద్రి బొగ్గు విద్యుత్ కేంద్రం సామర్థ్యం 2,000 మెగావాట్లు. దేశపు విద్యుత్తులో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు బొగ్గు నుంచే వస్తున్నది. యూనిట్‌కు సగటున 0.72 కిలోల బొగ్గుపులుసు వాయువు చొప్పున వెయ్యి కి.మీ.కు 115 కిలోలు అవుతుంది. పెట్రోలు లీటరుకు 2.3 కిలోల చొప్పున 128 కిలోలు. వ్యత్యాసం ఉన్నది గాని గొప్పగా చెప్పుకొనేంత కాదు. వీధిలోని పొగ తగ్గి, అక్కడ తిరిగే పిల్లల ఊపిరితిత్తులకు మేలు కలుగుతుంది. భూమండలానికి కలిగే మేలు మాత్రం కరెంటు పుట్టుకను బట్టి ఉంటుంది.

ఇంటి కప్పుపై సౌరఫలకాలు పెట్టుకొన్నవారికి ఈ లెక్క మారుతుంది. 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల వరకు రాయితీ ఉన్నది. మూడు కిలోవాట్ల ఫలకాలు రోజుకు సగటున పది, పన్నెండు యూనిట్లు ఇస్తాయి. ఇది నెలకు వెయ్యి కి.మీ. తిరిగే కారుకు పోగా, ఇంటికి కూడా మిగులుతుంది. అప్పుడు పై మెట్టు ధర భయమూ ఉండదు, బొగ్గు పొగ నిందా ఉండదు.

పనివారి భవిష్యత్తు

మన జిల్లాలోని సాలూరు లారీలకు పేరు పొందిన ఊరు. కొరాపుట్ ఘాట్ దారిలో బరువులు మోసే లారీల వల్ల అక్కడ ఎన్నో షెడ్లు, ఎన్నో కుటుంబాలు బ్రతుకుతున్నాయి. ఇంజను విప్పి బిగించే విద్య తండ్రి నుంచి కొడుకుకు వచ్చిన ఇళ్ళు ఉన్నాయి. విద్యుత్ వాహనంలో ఆ ఇంజనే లేదు. బరువు లారీలు వెంటనే మారకపోవచ్చును. ఆటోలు, స్కూటర్లు, చిన్న కార్లు ముందు మారుతాయి. మెకానిక్ షెడ్డులో నేడు పని నేర్చుకొంటున్న కుర్రవాడు నలభై ఏళ్ళ వయసు వచ్చేసరికి ఏ బండి బాగుచేస్తాడు? ఐ.టి.ఐ. శిక్షణలో విద్యుత్ వాహన మెకానిక్ అనే విభాగం ఏర్పడింది. మన విద్యార్థులు, వారి తమ్ముళ్ళు దానిని ఆశ్రయించడం మంచిది. కొన్నవాడి లాభం పనివాడి నష్టం కాకుండా చూడడం విద్యావంతుల బాధ్యత.

ముగింపు

పై విచారణ వల్ల తేలినది ఇది. విద్యుత్ కారు కొనదలచినవారు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. నెలకు ఎంత తిరుగుతాము? రాత్రి బండిని ఎక్కడ చార్జి చేస్తాము? అదనపు రొక్కం మిగులులోనిదా, అప్పులోనిదా? నెలకు వెయ్యి కి.మీ.కు తగ్గకుండా తిరిగి, సొంత ఇల్లు ఉండి, అప్పు లేకుండా కొనగలవారికి అది నిస్సంశయంగా లాభకరం. ఈ మూడింటిలో రెండు లేనివారు తొందరపడరాదు. అటువంటివారికి విద్యుత్ స్కూటరు మేలు. దాని బ్యాటరీ మూడు యూనిట్ల ప్రాంతం. మామూలు ప్లగ్గుతో నిండుతుంది. పెట్టుబడి కారులో పదవ వంతు. మేము వాడిన ధరలు మారుతూ ఉంటాయి గనుక, కొనే నాటి రేట్లతో ఈ లెక్కను మళ్ళీ వేసుకోవాలని మనవి.

కళాశాల పాలక సంఘం వారికి ఒక సూచన చేయ సాహసిస్తున్నాము. వాహనాలు నిలిపే షెడ్డు పైకప్పుపై సౌరఫలకాలు, కింద నాలుగైదు 15 ఆంపియర్ల ప్లగ్గులు, వాటికొక మీటరు అమర్చితే పగటిపూట ఎండ వృథా కాదు. అద్దె ఇళ్ళలో ఉండే అధ్యాపకులు, దూరగ్రామాల నుంచి స్కూటర్లపై వచ్చే విద్యార్థులు యూనిట్‌కు ఇంత అని చెల్లించి వాడుకోగలరు. భౌతికశాస్త్ర విద్యార్థులు ఆ మీటరును చదివి, వాణిజ్యశాస్త్ర విద్యార్థులు జమాఖర్చు వ్రాసి, ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఆ ఫలితాన్ని రెండు భాషలలోను వచ్చే సంవత్సరం ఈ సంచికలోనే ప్రకటించవచ్చును. మన ఊరి దారులలో, మన ఊరి ఎండలో మనమే వేసిన లెక్క ఏ ప్రకటన కంటెనూ నమ్మదగినదిగా ఉంటుందని మా విశ్వాసం.